మూటలో పెట్టని రాగి చెంబు

మా ఇంట్లో ప్రతి గిన్నె మీదా మా ఆయన పేరే ఉండేది. స్నానాల కాగు మీద, పప్పు గిన్నె మీద, చివరికి ఉప్పు పోసుకునే డబ్బా మీద కూడా. నా పేరు ఎక్కడా లేదు. కొట్టించాలన్నా ఏ పేరు కొట్టించాలి? పెళ్ళయి వనపర్తికి వచ్చిన రోజునే అత్తవారు నా పేరు మార్చారు. మాలో అది ఆనవాయితీ. పళ్ళెంలో బియ్యం పరిచి, ఉంగరంతో కొత్త పేరు రాయించి, "ఈ పొద్దు సంది నీ పేరు ఇది" అన్నారు. నేను తల ఊపాను. కొత్త కోడలికి తల ఊపడం కన్నా సులువైన పని ఏముంటుంది?

పాత పేరు ఒక్కచోట మిగిలింది. గద్వాల నుంచి నాతో తెచ్చుకున్న చిన్న రాగి చెంబు మీద మా అమ్మ ఆ పేరును చుక్కలు చుక్కలుగా కొట్టించింది. ఆ చెంబుతో నేను నీళ్ళు తాగిందీ లేదు, దేవుడి ముందు పెట్టిందీ లేదు. వంటింటి అలమారులో ఉండేది. నెలకోసారి చింతపండు పెట్టి తోమి, ఆ చుక్కల మీద ఒకసారి వేలు పోనిచ్చి, మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని. దానితో నాకున్న పని అంతే. ఆ చెంబు వల్లనే ఒక మంచి మనిషి దొంగ అనిపించుకుని మా గడప దిగిపోయాడు. వెళ్ళగొట్టింది మా ఆయన అని ఊరు అనుకుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకోవాలని చూశాను.

మా ఆయన వకీలు. నాగర్‌కర్నూలు కచేరీలో పేషీలు ఎక్కువ, గద్వాలలో కొన్ని. తక్కిన వకీళ్ళు బండి కట్టుకుని పోతుంటే ఈయన కారు కొన్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఆ కారు మా ఇంటికి రాకముందే ఇద్దరు యజమానులను చూసి వచ్చింది. గద్వాల పోవాలంటే బీచుపల్లి దగ్గర దాన్ని ఈ ఒడ్డునే వదిలేసి, పుట్టిలో కృష్ణ దాటి, అవతల మళ్ళీ బండే ఎక్కాలి. అయినా సరే, "కారు వకీలు" అని పిలిపించుకోవడం ఆయనకు ఇష్టం. కారుతో పాటే డ్రైవరూ వచ్చాడు. పాన్‌గల్ మనిషి, ముసల్మాను, యాభై దాటినవాడు. ఇంట్లో అందరం సాయిబు అనేవాళ్ళం. ఆయన చెయ్యి పడితే కారు దానంతటదే నోరు మూసుకుంటుందని మా ఆయన పదిమందిలో చెప్పుకునేవాడు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. పెట్రోలు కూపన్ల మీద దొరికేది, కారు సామాన్లు అసలే దొరికేవి కావు. ఒక ఎండాకాలం కారు కింద నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. బయలుదేరేటప్పుడు ఒక దెబ్బ, ఆగేటప్పుడు ఒక దెబ్బ, ఎత్తు ఎక్కేటప్పుడు మూలుగు. సాయిబు పశువుల కొట్టం ఖాళీ చేయించి, కారు వెనక భాగం ఎత్తి నాలుగు బండరాళ్ళ మీద నిలబెట్టాడు. చక్రాలు తీశాడు, ఇరుసులు లాగాడు, వాటి నడుమ గుమ్మడికాయంత ఇనప గుండును విప్పాడు. లోపలి పళ్ళచక్రాలన్నీ గ్యాసునూనెలో కడిగి గోనెసంచి మీద వరుసగా పేర్చాడు. ఆ గుండుకు డిఫరెన్షియల్ అని పెద్ద పేరుంది. మాకు మాత్రం అది గుండే.

కొట్టానికీ పెరటి వసారాకూ మధ్య ఒక తడక ఉండేది. నేను ఇటువైపు మోదుగాకులతో విస్తర్లు కుడుతూ కూర్చునేదాన్ని. కుట్టేది తక్కువ, చూసేది ఎక్కువ. అది సాయిబుకు తెలుసు. తల ఎత్తకుండానే చెప్పుకుపోయేవాడు.

"కల్లంల ఎడ్లను బంతి కట్టినప్పుడు సూసినవా అమ్మా? గుంజకాడి ఎద్దు నిలవడ్డట్టే ఉంటది, అంచుకున్న ఎద్దు ఉరుకుతనే ఉంటది. కారు మలిగినప్పుడు గూడ గంతే. లోపలి చక్రం నిమ్మళంగ, బయటి చక్రం జోరుగ. గా లెక్క సూసేటిది గీ గుండు."

"మరి చప్పుడెందుకొస్తుంది?"

ఆయన ఒక ఉంగరం లాంటిది వేలికి తొడిగి చూపించాడు. ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా అరిగిపోయింది. "గివి బుష్షులు. పళ్ళచక్రానికి ఇరుసుకు నడుమల ఉంటయ్. ఇవి అరిగితే చక్రం తన జాగల నిలవది, కొట్టుకుంటది."

"ఇనుముతోనే చేయించరాదా? అరగకుండా ఉంటాయి గదా."

సాయిబు నవ్వాడు. "ఇనుముకు ఇనుము రాసుకుంటే రెండూ ఖరాబైతయ్ అమ్మా. నడుమ అరిగేటిది ఒకటుండాలె. బుష్షు పుట్టిందే అరగనీకి."

కొత్త బుష్షులు హైదరాబాదులో లేవని ఉత్తరం వచ్చింది. సాయిబు వాటిని ఇంట్లోనే చేస్తానన్నాడు. ఊళ్ళో గిన్నెలు పోసే కంచరి ఒకాయన ఉన్నాడు. ఆయన అచ్చులో పోసి ఇస్తే, సాయిబు చేత్తో గీకి సరిచేస్తాడు. మరునాడు సాయిబు కంచరితో మాట్లాడి వచ్చి, అరుగు మీద కూర్చున్న మా ఆయనతో చెప్పాడు. "ఇంట్ల పగిలిన కంచు ఉంటే చాలంట సాబ్. గని ఉత్త కంచు పోస్తే గాజు లెక్క పలుగుతదంట. ఎంత కంచో అంత రాగి పడాలెనంట."

"రాగి బజార్ల ఏడుంది ఇప్పుడు?" అని మా ఆయన కాసేపు ఆలోచించి, లోపలికి తిరిగి నన్ను కేకేశాడు. "ఆ అలమార్ల చిన్న చెంబు ఉంది గదా, వాడుకల లేదు, అది ఇయ్యి. అటక మీది పగిలిన తాంబాళం గూడ ఇయ్యి."

పగిలిన కంచులో తినకూడదని, ఎప్పుడైనా మార్పిడికి పనికొస్తుందని అటక మీద దాచేవాళ్ళం. అది దించాను. చెంబూ తెచ్చి అరుగు మీద పెట్టాను. సాయిబు చెంబు తీసుకుని బరువు చూశాడు. బొటనవేలు చుక్కల మీద ఆగింది. ఆయనకు తెలుగు చదవడం రాదు.

"ఎవరి పేరమ్మా ఇది?"

"నాదే. పెళ్ళికి ముందుది."

చెంబు ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు. మా ఆయన అప్పటికే కాగితాల్లో పడ్డాడు. "మూట కట్టియ్యి" అన్నాడు నాతో, తల ఎత్తకుండానే.

లోపలికి తెచ్చి పాత చీర ముక్క పరిచాను. తాంబాళం ముక్కలు పెట్టాను. చెంబు చేతిలోనే ఉండిపోయింది. అడిగితే ఆయన ఇంకో చెంబు కొనిపెట్టేవాడే, దాని మీద తన పేరూ కొట్టించేవాడు. "ఇది నేనివ్వను" అని అరుగు మీదికి పోయి చెప్పడానికి నోరు రాలేదు. మూలన ఒక పగిలిన కంచు గిన్నె ఉంది. బరువు తెలియకుండా చెంబుకు బదులు దాన్ని పెట్టి ముడి బిగించేశాను. చెంబును జొన్నల కుండలో అడుగున పూడ్చాను. దాచేటప్పుడు నాకు భయం లేదు, సిగ్గూ లేదు. గెలిచినట్టే ఉంది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తుంది.

సాయిబు మూట అందుకుని, "అంతా పెట్టినవా అమ్మా?" అని అడిగాడు. నేను తల ఊపాను.

రెండు రోజుల తర్వాత బుష్షులు వచ్చాయి. గరుకుగా, అచ్చు మట్టి ఇంకా అంటుకునే ఉంది. అసలు పని అప్పుడు మొదలైంది. సాయిబు అరిగిన ఆకురాయిని సానబట్టి గీకే కత్తిగా చేసుకున్నాడు. తడక దగ్గరికి వచ్చి, "అమ్మా, జర కాటుక ఇస్తవా?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కాటుకను ఆముదంతో కలిపి ఉక్కు ఇరుసుకు పలచగా పూసి, దాని మీద బుష్షును తొడిగి ఒక చుట్టు తిప్పి తీశాడు. లోపల ఎక్కడెక్కడ నల్లగా అంటిందో అక్కడ ఎత్తు ఉన్నట్టు. అక్కడ మాత్రమే గీకాలి. మళ్ళీ పూయాలి, తొడగాలి, తిప్పాలి, తీయాలి. మచ్చలన్నీ విడిపోయి బుష్షు అంతటా సమానంగా నల్లబడితే అది కూర్చున్నట్టు.

నాలుగు బుష్షులకు వారం పట్టింది. రోజూ పొద్దున కాటుక పట్టడం నా పని అయింది. ఇత్తడి గరిటె దీపం మీద బోర్లించి మసి పట్టి, ఆముదం చుక్క వేసి రంగరించి తడక కింద నుంచి తోసేదాన్ని. ఆ వారం నేను ఆ ఇంట్లో ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్నాను. ఒక పని నా చేతి మీదుగా పోతోంది. ఒకటి రెండుసార్లు సాయిబు గీకుతూ ఆగి, బుష్షును వెలుగులో పెట్టి చూసి, వేలుగోటితో మీటి చప్పుడు విన్నాడు. ఏదో అనబోయి మళ్ళీ కత్తి అందుకున్నాడు. నేను విస్తరాకు మీదికి వంగిపోయాను. నా గుట్టు నాకు తెలుసు. ఆయనకూ తెలుసునన్న సంగతి మాత్రం నాకు తెలియదు.

బిగించాక కారు చప్పుడు లేకుండా పోయింది. మా ఆయన నాగర్‌కర్నూలు పోయి వచ్చి, అరుగు మీద నలుగురి ముందు సాయిబు భుజం తట్టాడు. "లోహంల రాగి పడాలెనని నాకు ముందే తెలుసు" అని తన వంతు కూడా కలుపుకున్నాడు. ఎండాకాలం అలా గడిచింది.

తొలకరి పడ్డాక, ఒక పెద్ద దావా పేషీ రోజున, గోపాలపేట దాటిన తర్వాత వాగు గట్టు ఎక్కుతుంటే బుష్షు పగిలింది. ముక్కలు పళ్ళచక్రాల మధ్య పడి పళ్ళన్నీ రాలిపోయాయి. మా ఆయన బురదలో నడిచి, దొరికిన బండి ఎక్కి కచేరీ చేరేసరికి పేషీ అయిపోయింది. దావా అవతలివాళ్ళకు పోయింది. కారును రెండు జతల ఎడ్లు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. ఊరంతా వాకిళ్ళలో నిలబడి చూసింది.

కొత్తకోట నుంచి ఒక మోటారు మేస్త్రీని పిలిపించారు. వాకిట్లోనే గుండు విప్పాడు. బుష్షు ముక్క ఒకటి రాయి మీద పెట్టి సుత్తితో కొట్టాడు. అది పెంకులా చిట్లింది. "దీంట్ల రాగి సరిగ పడలే వకీల్ సాబ్. ఎక్కువంత కంచే" అన్నాడు.

మా ఆయన సాయిబు వైపు తిరిగాడు. "నేను చెంబు ఇప్పించిన గదా. రాగి ఏడికి పోయింది?"

సాయిబు పక్కనున్న గుడ్డ అందుకున్నాడు.

"అమ్ముకున్నవా?"

సాయిబు చేతిలోని గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటున్నాడు. మా ఆయన గుమ్మంలో నిలబడ్డ నన్ను చూశాడు. ఊరి పెద్దలిద్దరు, మేస్త్రీ, ఎడ్లు తోలుకొచ్చిన వాళ్ళు, అందరూ చూశారు. సాయిబు ఒక్కడే చూడలేదు.

"నువ్వు మూటల చెంబు పెట్టినవా లేదా?"

జొన్నల కుండ నాకు పది అడుగుల దూరంలో ఉంది. నేను తల ఊపాను.

సాయిబు కారు తాళంచెవి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. నెల జీతం కోసం మనిషిని కూడా పంపలేదు. అప్పట్లో ఆ చుట్టుపక్కల ఉన్న కార్లే మూడో నాలుగో. దొంగ డ్రైవరని మాట పుట్టాక తాళంచెవి ఎవరిస్తారు? పాన్‌గల్‌లో ఎవరి బండో తోలుతున్నాడని తర్వాత విన్నాను. కారు కొట్టంలోనే ఉండిపోయింది. వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టేవి. నేను ఆ గుడ్లు ఏరడానికి వెళ్ళినప్పుడల్లా గోనెసంచి మీది నూనె మరకలు చూసి వచ్చేదాన్ని.

రెండేళ్ళ తర్వాత, మా ఆయన ఊళ్ళో లేనప్పుడు, చెంబును కంచరి దగ్గరికి తీసుకుపోయాను. జొన్నల కుండలోంచి తీస్తుంటే బండ మీద జారిపడి అడుగు సొట్టపోయి చిల్లి పడింది. మాటు వేయించాలి. కంచరి దాన్ని తిప్పి చుక్కలు చూసి, నా ముఖం చూశాడు.

"ఆ దినం మూటల రావాల్సింది ఇదేనా అమ్మా?"

ఆయన మాటు వేస్తూ తనంతట తనే చెప్పాడు. "మూట విప్పంగనే సాయిబు సూసిండు, రాగి లేదని. ఇంటికి పోయి అడిగి తేరాదు అన్న. 'ఆడబిడ్డ పుట్టింటి సామాను, దాని మీద పేరుంది. ఆమెకు పానం ఒప్పలే. ఎందుకు అడుగుడు' అన్నడు. పాన్‌గల్ పోయి వాళ్ళింట్ల బద్నా తెచ్చిండు. నమాజుకు ముందు కాళ్ళు చేతులు కడుక్కునే కొమ్ముచెంబు ఉంటది సూడు, అది. రాగిదే, గని పలచటిది. ఇది చాలది అన్న. 'నాతాన ఇంతే ఉంది, పొయ్యి' అన్నడు. ఆ రంజాన్ నెలంత మట్టి ముంతతోనే కడుక్కున్నడంట."

ఆ వానాకాలం దాకా బుష్షులను నడిపించింది ఆయన బద్నా. నేను చెంబు కొంగులో చుట్టుకుని ఇంటికి వచ్చాను. దారిలో ఎవరు పలకరించారో, ఏం చెప్పానో గుర్తులేదు.

మా ఆడబిడ్డది పాన్‌గల్. ఏదో వ్రతం వంకతో అక్కడికి పోయి, ఒక ముసలామెను తోడు తీసుకుని సాయిబు ఇల్లు వెతుక్కున్నాను. వాకిట్లో నులకమంచం మీద ఉన్నాడు. చిక్కిపోయాడు, దగ్గు. నన్ను చూసి లేవబోయాడు. నేను చెంబు ఆయన ముందు పెట్టి, "తప్పు నాది" అన్నాను. అంతకన్నా ఎక్కువ అనాలని దారంతా అనుకుంటూనే వచ్చాను, రాలేదు.

ఆయన చెంబు తీసుకుని, ఆ రోజు లాగే చుక్కల మీద బొటనవేలు పెట్టాడు. మాటు చూసి, "పని మంచిగ జేసిండు" అన్నాడు. చెంబును నా వైపు తోశాడు. "నాకెందుకమ్మా? నీది నీతాన్నే ఉండని. తప్పు నాది గూడ ఉంది. రాగి తక్కువైందని తెలిసే బిగించిన."

కాసేపు దగ్గాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "గని ఒక్క పని జెయ్యి. సాబ్‌కు చెప్పు, చెంబు దొరికిందని. నువ్వు దాచినవని చెప్పకు, జొన్నలల్ల పడి ఉండె, దొరికింది అను. గంతే. నేను తియ్యలేదని ఆయనకు తెలిస్తే చాలు."

చెప్తానన్నాను. ఈసారి తల ఊపలేదు, నోటితోనే మాటిచ్చాను.

ఇంటికి వచ్చిన రోజు మా ఆయన పేషీ పని మీద చిరాకుగా ఉన్నాడు. మర్నాడు చుట్టాలు వచ్చారు. ఆ తర్వాత వాన. అలా నెల రోజులు. "చెంబు దొరికింది" అని రెండు మాటలు. ఆ రెండు మాటలు మింగలేక కక్కలేక తిరిగాను. జొన్నల్లో దొరికిందంటే ఎవరు పెట్టారని అడుగుతాడు, వకీలు కదా. అడిగితే నన్ను చూస్తాడు. ఆ చూపుకు భయపడ్డాను. అక్కడ ఒక మనిషి మంచంలో పడి ఎదురుచూస్తున్నాడని తెలిసీ భయపడ్డాను.

ఒక మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చుని మా ఆయన అన్నాడు. "పాన్‌గల్ ఆసామి వచ్చిండె ఇయ్యాల. మన పాత డ్రైవరు పోయిండంట, నాలుగు దినాలైందంట." పప్పు కలుపుకున్నాడు. "చెయ్యి మంచిది. ఆ ఒక్క చెంబుకాడ గడ్డి తినకుంటే నాతాన్నే ఉండేటోడు."

నేను లేచి లోపలికి పోయాను. చెంబు నిండా నీళ్ళు పోసి తెచ్చి విస్తరి పక్కన పెట్టాను. ఆయన తాగబోయి ఆగాడు. తిప్పి చూశాడు. చుక్కల మీది పేరు పెదాలు కదుపుతూ చదివాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదలు.

"ఎన్నడు దొరికింది?"

"దొరకలేదు. ఇల్లు దాటనే లేదు. నేనే దాచిన."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. చెంబును జాగ్రత్తగా కింద పెట్టి, కలిపిన అన్నం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఆ దినం అందరి ముందర నేను అడిగింది నిన్నే గదా."

"నన్నే అడిగిండ్రు" అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. తెల్లవారి బండి కట్టించుకుని పాన్‌గల్ పోయాడు, పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చాడు. అక్కడ ఏం చెప్పాడో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. చెప్పే ఉంటాడు, వాకిట్లో నిలబడి, ఆ ఇంటివాళ్ళందరూ వినేటట్టు. ఆ మాట కోసం నెల రోజులు ఎదురుచూసిన మనిషి ఒక్కడే అక్కడ లేడు.